డ్రాయింగు మూల గడిలో ఎవరి పేరు

పదవీ విరమణ రోజున నా గురించి నలుగురు మాట్లాడారు. ఒకాయన నన్ను ఆఫీసు మేడం అన్నాడు. ఇంకొకాయన కంప్యూటర్ పని చూసేవారన్నాడు. మూడో ఆయన ఎంతో ఓపికగల మనిషన్నాడు. నాలుగో ఆయన మా అక్కలాంటిదని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను చేసింది వ్యవసాయ పనిముట్ల డిజైన్. ఆ మాట ఒక్కరి నోటా రాలేదు.

నాకు ఓపిక లేదని ఆ మూడో ఆయనకి అక్కడే చెప్పాల్సింది. శాలువా కప్పుతున్నారు కదా అని ఊరుకున్నాను. ఊరుకున్నది అరగక ఇప్పుడు రాస్తున్నాను. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి, రేపు ఏదో ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగు ముందు కూర్చోబోయే ఆడపిల్లల కోసం ఇది. ఇందులో ప్రమోషన్ల కథలు లేవు. నాకు వచ్చినవి రాస్తే అర పేజీ కూడా నిండదు.

నాలుగు గడులు

ప్రతి డ్రాయింగుకీ కింద కుడివైపు మూల ఒక చిన్న పట్టిక ఉంటుంది. అందులో నాలుగు గడులు. డిజైన్డ్ బై, అంటే ఆలోచన ఎవరిది. డ్రాన్ బై, గీసిందెవరు. చెక్డ్ బై, కొలతలు సరిచూసిందెవరు. అప్రూవ్డ్ బై, చేయండని ఒప్పుకున్నదెవరు. ఈ నాలుగు సంతకాలూ ఉంటేనే డ్రాయింగు ఆఫీసు దాటి లోపలికి, అంటే ఇనుము కోసేచోటికి వెళ్తుంది.

నేను చేరినప్పుడు మా మేనేజరు సుబ్బారావు గారు. చేతిరాతతో కొలతలు వేయడం, గీత మందం చూసి వస్తువుని ఊహించుకోవడం నాకు నేర్పింది ఆయనే. ఏనాడూ గొంతు పెంచి మాట్లాడలేదు. బస్సు ఆలస్యమై లేటుగా వస్తే నా వైపు చూసేవారు కాదు. ఇన్ని మంచి గుణాలున్న ఆ మనిషి, నేను ఆలోచించిన ప్రతి వస్తువు మీదా మొదటి గడిలో తన పేరు రాసుకునేవారు. రెండో గడిలో నా పేరు. గీసినమ్మాయి. ఆయన దాన్ని తప్పనుకోలేదు. నేనూ అనుకోలేదు. చెడ్డ బాసు దగ్గర అయితే ఎదురు తిరగడం తొందరగా వస్తుంది. మంచి బాసు దగ్గర ఇరవై ఏళ్ళు పడుతుంది. ఇది రాసి పెట్టుకోండి.

పిడులు కోసేశారు

నేను సొంతంగా ఆలోచించిన మొదటి వస్తువు తోపుడు వీడర్. ముందు ఒక చక్రం, వెనక కలుపు కోసే బ్లేడు, తోయడానికి రెండు ఇనుప గొట్టాల పిడులు. మిరప సాళ్ళ మధ్య, పత్తి సాళ్ళ మధ్య నడుస్తూ తోసుకుంటూ పోవాలి. పిడి ఎంత ఎత్తుండాలో ఆఫీసులో ఒక చార్టు ఉండేది. చార్టు చూసి వేశాను. ఫ్యాక్టరీ ఆవరణలో ట్రయల్ జరిగింది. స్టోర్స్ మనిషి, వెల్డరు, డ్రైవరు తలా ఒకసారి తోసి భేష్ అన్నారు. నేను కిటికీలోంచి చూశాను. ఆడవాళ్ళు ట్రయల్‌కి దిగే ఆనవాయితీ లేదు.

మూడేళ్ళ తర్వాత మా పెద్దమ్మగారింట్లో ప్రార్థన కూటమని చిల్లకల్లు వెళ్ళాను. పక్కింటి గోడకి మా వీడర్ ఆనించి ఉంది. నా గుండె ఉప్పొంగింది. దగ్గరికి వెళ్ళి చూస్తే, రెండు పిడులూ జానెడు మేర కోసేసి ఉన్నాయి. కోసిన చోట పాత చీర పేలికలు గట్టిగా చుట్టి ఉన్నాయి.

ఆ ఇంటావిడ మరియమ్మ. మిరప తోటల్లో కలుపు పనికి వెళ్ళేది. ఎవరు కోశారని అడిగాను.

"మేమే కోసేసాం. ఏం, మీదా ఇది?"

"నేనే గీసానండి దీన్ని. ఫ్యాక్టరీలో."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. నేనూ ఆవిడంత ఎత్తే, అయిదడుగులు. "మరి నువ్వొకసారన్నా తోసావా అమ్మా?"

"లేదండి."

"తోస్తే తెలిసేది. ఇదెవరో ఆరడుగుల మనిషికి చేసినట్టుంది. చేతులు రొమ్ము కాడికొస్తన్నాయి. మధ్యాన్నానికే భుజాలు పడిపోతన్నాయి. ఇంకేం చేస్తాం, రంపం బ్లేడు తెచ్చి కోసాం. మా బజారులో అందరియ్యీ కోసేసాం."

అంత సిగ్గు నాకు ఇంకెప్పుడూ కలగలేదు. అయిదడుగుల మనిషిని, అయిదడుగుల మనుషుల కోసం, ఆరడుగుల మనిషి పిడి గీశాను. నా ఒంటిని నేను నమ్మలేదు, గోడ మీది చార్టుని నమ్మాను. మగవాడు చేస్తే దాన్ని తెలియక చేసిన తప్పనవచ్చు. నేను చేసినదానికి ఆ సాకు కూడా లేదు.

సోమవారం సుబ్బారావు గారికి చెప్పాను. ఆయన శాంతంగా విన్నారు. "కొనేది రైతమ్మా. ఆయనెప్పుడూ పిడి గురించి కంప్లైంట్ చెయ్యలేదు గదా."

"తోసేది ఆడవాళ్ళండి."

"వాళ్ళు మన కస్టమర్లు కాదు" అన్నారు. తర్వాత టీ తెప్పించారు. నేను తాగాను. ఆ డ్రాయింగు అలాగే ఉండిపోయింది.

నేను చేసిన రెండో తప్పు

మొదటి తప్పు ఇనుముతో చేశాను. రెండోది మనిషితో చేశాను.

సునీత అని నందిగామ అమ్మాయి డిప్లొమా చేసి మా ఆఫీసులో చేరింది. విత్తనం వేసే యంత్రానికి ఉండే పెట్టె మూత గాలికి ఎగిరిపోతుంటే, స్ప్రింగు లేకుండా దానంతటదే బిగుసుకునే మూత ఆలోచించింది. డ్రాయింగు అచ్చయి వచ్చాక మూల గడి చూసుకుని నా దగ్గరికి వచ్చింది. "అక్కా, ఇది నాది గదా. నా పేరు గీసిన గడిలోనే ఉందేంటి?"

"ఇక్కడ అంతేనమ్మా. సర్దుకో" అన్నాను.

రెండు నెలలకి మానేసింది. పెళ్ళి కుదిరిందేమో అన్నారు ఆఫీసులో. నేనూ తల ఊపాను. నాలుగేళ్ళ తర్వాత నందిగామ బస్టాండులో కనిపించింది. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నానంది. పెళ్ళి సంగతి అడిగాను. నవ్వింది. "పెళ్ళీ లేదు ఏమీ లేదక్కా. నన్ను పంపించింది సుబ్బారావు గారు కాదు. నువ్వు."

బెజవాడ బస్సు వచ్చింది, వెళ్ళింది. నేను ఎక్కలేదు. క్షమించమని అడిగాను. "క్షమిస్తే నీకు బాగుంటది, నాకేంటి? ఏదన్నా చేద్దాం, రా" అంది. మా శనివారం అలా మొదలైంది.

డ్వాక్రా గ్రూపు కాదు

మా చర్చి వెనక ఆదివారం పిల్లల బడి జరిగే గది ఉంది. నెలకోసారి, రెండో శనివారం మధ్యాహ్నం మూడింటికి అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాం. పిల్లల బెంచీలు. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. వస్తువు మనిషికి సరిపోవాలి అని గంటసేపు మాట్లాడుకునేది ఆ బెంచీల మీదే. మొదట సునీత, నేను. తర్వాత జగ్గయ్యపేట నుంచి రెహానా వచ్చింది.

రెహానా కుటుంబానికి ట్రాక్టరు ట్రక్కులు తయారుచేసే షెడ్డు ఉంది. ఆవిడ కాగితం మీద గీయదు. షెడ్డు నేల మీద సుద్దముక్కతో ట్రక్కుని నిలువెత్తున గీసేస్తుంది, ఇనుము దాని మీద పరిచి కోస్తారు. పేరు మాత్రం షెడ్డు బోర్డు మీద వాళ్ళాయనది. మొదటిసారి ఆవిడ, "నేను డిజైనర్ని కాదండి, ఊరికే గీతలు గీస్తా" అంది. సునీత ఊరుకోలేదు. "సుద్దతో గీస్తే డిజైన్ కాదని ఎవరు చెప్పారండి మీకు?"

ఊళ్ళో ఎవరికి చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే. "ఏ డ్వాక్రా గ్రూపండి మీది?" ఆడవాళ్ళు పదిమంది ఒకచోట కూర్చుంటే అప్పు కోసమో, ప్రార్థన కోసమో అయ్యుండాలి. బోల్టు గురించి కూడా కూర్చుంటారని ఎవరికీ తట్టదు. ఒకాయన వంటల పోటీ పెడుతున్నారా అనడిగాడు. అవునండీ, మీరు జడ్జిగా రండి, ఇనుము వండుతున్నాం అన్నాను.

మాకు రెండే నియమాలు. ఒకటి, ఉత్త చేతులతో రాకూడదు. చేసిన వస్తువో, సగం చేసినదో, చెడిపోయినదో బల్ల మీద పెట్టాలి. రెండోది సునీత పెట్టింది, చాలా కష్టమైనది. తెచ్చినావిడ నోరు విప్పకూడదు. మిగతావాళ్ళు దాన్ని తిప్పి, తోసి, వంచి, వాడి చూసేదాకా వివరణ ఇవ్వకూడదు. ఎందుకంటే పొలంలో మన వస్తువు పక్కన మనం నిలబడి వివరించం. ఈ నియమం వల్ల ఏడ్చినవాళ్ళున్నారు. అలిగి రెండు నెలలు రానివాళ్ళున్నారు. మళ్ళీ వచ్చారు.

ఆ తర్వాత నేను చిల్లకల్లు వెళ్ళి మరియమ్మని పిలిచాను. "నేనేం చదువుకున్నానని?" అంది. వచ్చి వాడి చూసి, బాగోలేకపోతే బాగోలేదని చెప్పమన్నాను. "అదైతే నాకు బాగా వచ్చు" అని వచ్చింది. ఆ రోజునుంచీ మాకు ఆవిడంటే భయం.

జ్యోతి వీడర్

నా సర్వీసు చివరి రెండేళ్ళలో జ్యోతి చేరింది. వేదాద్రి దగ్గర పల్లె. పొలం కౌలుది, ఇంట్లో నెలజీతం వచ్చేది ఆ అమ్మాయికొక్కదానికే. అప్పటికి సుబ్బారావు గారు రిటైరయ్యారు, కిరణ్ గారని కొత్త మేనేజరు వచ్చారు. నేను చెకర్ని. అంటే మూడో గడి నాది.

జ్యోతిని శనివారానికి తీసుకెళ్ళాను. మరియమ్మ కోసిన పిడుల సంగతి విని, ఆ అమ్మాయి నెల తిరక్కుండా ఎత్తు మార్చుకునే పిడి చేసుకొచ్చింది. కంపెనీ డ్రాయింగు కాదు, పాత సైకిలు గొట్టాలతో ఇంట్లో చేసుకున్న నమూనా. లోపలి గొట్టం పైకీ కిందికీ జరుగుతుంది, కావలసినచోట మరతో బిగించుకోవాలి. చర్చి వెనక ఖాళీస్థలంలో మరియమ్మ చేతులు తడిపి, మట్టి పూసుకుని, మర తిప్పబోయింది. జారింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ జారింది. జ్యోతి పెదవి కొరుక్కుంటూ నిలబడింది, నియమం ప్రకారం మాట్లాడకూడదు కదా.

"పొలంలో పొడి చెయ్యి ఎవరికుంటదే పిల్లా?" అంది మరియమ్మ. "మా తలుపు గడియకున్నట్టు ఒక చీల పెట్టు. తీసి పెట్టుకునేట్టు."

"చిల్లులు పైన పెట్టకు, మట్టి పడి పూడిపోతాయి. పక్కలకి పెట్టు" అంది రెహానా.

తర్వాతి శనివారానికి పిడికి ఇరువైపులా వరసగా చిల్లులు, ఒక చీల, చీల పడిపోకుండా చిన్న గొలుసు. మరియమ్మ తోసింది. సునీత తోసింది. నేను తోశాను. నా ముప్ఫై ఏళ్ళ వృత్తిలో ఒక వీడర్ తోయడం అదే మొదటిసారి.

ఎర్ర పెన్సిల్

జ్యోతి ఆ నమూనా ఆఫీసుకి తెచ్చి చూపిస్తే కిరణ్ గారికి నచ్చింది. బెజవాడలో జరిగే వ్యవసాయ ప్రదర్శనలో పెడదామన్నారు. జ్యోతి డ్రాయింగు గీసింది. సరిచూడమని నా బల్ల మీదికి వచ్చినప్పుడు మొదటి గడిలో కిరణ్ గారి పేరుంది. అదే రోజు ఆయన జ్యోతిని పిలిచి, శనివారం గ్రూపుకి ఇకనుంచి వెళ్ళనని రాసివ్వమన్నారు. కంపెనీ సంగతులు బయటికి పోతున్నాయట. ఆ నెలాఖరుకి ఆ అమ్మాయి ప్రొబేషన్ పూర్తి కావాలి. రాసివ్వకపోతే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

జ్యోతి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. సునీత నిలబడిన చోటే. "ఏం చెయ్యమంటారు మేడం?"

సర్దుకో అనే మాట నాలుక చివరిదాకా వచ్చిందని ఒప్పుకుంటాను. మింగేశాను. "నీ సంగతి నువ్వు తేల్చుకో. నా పని నేను చేస్తా" అన్నాను.

చెకర్ పని ఏమిటంటే, డ్రాయింగులో తప్పు కనిపిస్తే ఎర్ర పెన్సిల్‌తో దాని చుట్టూ సున్న చుట్టి వెనక్కి పంపాలి. కొలతలన్నీ చూశాను. ఒక్క తప్పు లేదు. మొదటి గడిలో ఆయన పేరు చుట్టూ సున్న చుట్టి వెనక్కి పంపాను.

ఆయన స్వయంగా వచ్చారు. "ఇదేంటండి?"

"తప్పు సమాచారం ఉందండి. సరిచేసి పంపండి."

"డిపార్టుమెంటులో ఏం చేసినా హెడ్ పేరే వేస్తారు. మీకు తెలియదా?"

"తెలుసండి. ముప్ఫై ఏళ్ళు తప్పని చెప్పకుండా సంతకం పెట్టా. ఇక పెట్టను."

మర్నాడు ఇద్దరి పేర్లతో వచ్చింది. సరేనా అని జ్యోతిని అడిగాను. "ఆయన పేరు ఆఖరి గడిలో ఉంది గదండి. ఒక మనిషికి రెండు గడులెందుకు?" అంది. సున్న చుట్టాను. మూడోసారి మొదటి గడి ఖాళీగా వచ్చింది. ఖాళీ చుట్టూ కూడా సున్న చుట్టాను.

"మీకింక సర్వీసు నాలుగు నెలలే ఉంది సరోజిని గారూ" అన్నారాయన.

"నాలుగు నెలలూ చుడతానండి" అన్నాను.

జ్యోతి కాగితం కూడా అదే రోజు ఆయనకి చేరింది. రెండో శనివారం తనకు సెలవని, ఆ రోజు తను ఎక్కడికి వెళ్ళాలో తన ఇష్టమని, బయటికి కంపెనీ సంగతి ఒక్కటీ పోలేదని రాసింది. పైగా, పిడికి చీల, పక్క చిల్లులు బయటినుంచే లోపలికి వచ్చాయని రాసి సంతకం పెట్టింది. నేను చెప్పి రాయించలేదు.

మూడో గడిలో సంతకం లేనిదే మా ఫోర్‌మన్ ఇనుము ముట్టడు. అది ధైర్యం కాదు, ఆయన అలవాటు. ప్రదర్శన దగ్గరపడింది. చివరికి డ్రాయింగు నాలుగోసారి వచ్చింది. మొదటి గడిలో జ్యోతి పేరు, ఒక్కటే. సంతకం పెట్టాను.

మేం గెలిచామని మీరనుకుంటారని చెబుతున్నాను, కిరణ్ గారు జ్యోతి ప్రొబేషన్‌ని ఇంకో ఆరు నెలలు పొడిగించారు. కారణం రాయలేదు. ఆ ఆరు నెలలూ ఆ అమ్మాయి తలెత్తుకుని పనికి వచ్చింది, ప్రతి రెండో శనివారం చర్చి గదికి వచ్చింది. ఉద్యోగం ఇప్పటికీ ఉంది. పేరు పెట్టుకోవడానికి అంత వెల ఉండటం అన్యాయం. ఆ అన్యాయం తగ్గేదాకా ఒంటరిగా మాత్రం ఉండకండి. నేను ఇరవై ఏళ్ళు ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టే సునీతకి ఆ మాట అనగలిగాను.

పాత కాగితం

రిటైరయ్యే రోజు ఏమన్నా కావాలా మేడం అని అడిగారు. నా మొదటి వీడర్ డ్రాయింగు పాత నకలు ఒకటి ఇప్పించమన్నాను. నీలం గీతల కాగితం, మడతల దగ్గర చిరిగింది. ఇంకెవరికీ అక్కర్లేదు కనుక ఇచ్చేశారు.

ఆ నెల రెండో శనివారం దాన్ని బల్ల మీద పరిచాను. మొదటి గడిలో సుబ్బారావు గారి పేరు కొట్టేసి, నా పేరు రాశాను. జ్యోతి నవ్వింది. "మేడం, ఆ పిడి తప్పు గదా. ఆ తప్పు కూడా మీదే అయిపోద్ది."

"నాదేగా మరి. తప్పు నాదని ఒప్పుకుంటేనే డిజైను కూడా నాదని అడగగలను."

తర్వాత మూడో గడిలో ఉన్న పేరు కొట్టేసి పెన్ను మరియమ్మకి ఇచ్చాను. జుట్టు ముగ్గుబుట్టయినా ఆవిడ చూపులో పదును తగ్గలేదు.

"ఏంటిది?"

"సరిచూసినవాళ్ళు సంతకం పెట్టే చోటు. దీన్ని సరిచూసింది నువ్వొక్కదానివే."

"వేలిముద్ర వేస్తాననుకున్నావా ఏంటి?" అని, కళ్ళజోడు సర్దుకుని, గడి పట్టనంత పెద్ద అక్షరాలతో పూర్తి పేరు రాసింది. గదిలో అందరం చప్పట్లు కొట్టాం. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆవిడ మాత్రం చప్పట్లు పట్టించుకోలేదు. డ్రాయింగు మీదకి వంగి, పిడి బొమ్మ మీద వేలు పెట్టింది. "సంతకాలు సరేగానమ్మా, ఇదింకా అట్టాగే ఉంది. జానెడు తగ్గించు ముందు."

సంచిలోంచి ఎర్ర పెన్సిల్ తీసి, ముప్ఫై ఏళ్ళ కిందట నేనే వేసిన ఆ అంకె చుట్టూ సున్న చుట్టి, పక్కన సరైన కొలత రాశాను.